తినని బన్ను

రెయిమాకి షుగరని తెలిసిన వారమే వాళ్లక్క ఐలా సామాన్లు సర్దుకుని, సైమా సరస్సు ఒడ్డున అతనుండే ఇంటికి వచ్చేసింది. అతని భార్య పోయి చాలా కాలమైంది. ఐలా పెళ్లి చేసుకోలేదు, బడి వంటశాలలో వండి వండి రిటైరైన మనిషి. వచ్చిన రోజే అలమరలోని మైదా తీసి పక్కింటి కెర్తుకి ఇచ్చేసింది.

అప్పట్నుంచి పొద్దున ముడి బార్లీ జావ, మధ్యాహ్నం పొట్టు తీయని రై గింజల పిండితో కాల్చిన నల్లరొట్టె.

"గుర్రాల దాణా అంతా నాకే పెట్టేస్తే వాటి గతేంటక్కా?" అనేవాడు రెయిమా, దవడలు నొప్పెట్టేలా నములుతూ.

"అవి నీలా వంకలు పెట్టవురా. నమలు. పొట్టున్న గింజ మెల్లగా అరుగుతుంది, షుగరు ఒక్కసారిగా ఎగబాకదు."

గొణుగుతూనే తిన్నాడు. రెండేళ్లు షుగరు అదుపులో ఉంది. ఆస్పత్రిలో నర్సు మెచ్చుకుంటే, "నన్ను కాదమ్మా, మా జైలరుని మెచ్చుకో" అన్నాడు. ఐలా ఆ మాట అందరికీ చెప్పుకుని మురిసిపోయింది.

ఆ తర్వాత ఆకులు రాలేవేళకి షుగరు పెరగడం మొదలైంది. తిండి మారలేదు. ఐలా రొట్టె ఇంకా పల్చగా కోసింది. అయినా తగ్గలేదు.

"ఎక్కడ తింటున్నావురా?"

"ఎక్కడా తినట్లేదక్కా."

"రేవు దగ్గర కాఫీ కొట్లో ఏలకుల బన్నులు ఘుమఘుమలాడిపోతుంటాయి. నాకు తెలీదా?"

"ఒట్టు. కాఫీ తాగుతున్నా, అంతే."

ఆమె నమ్మలేదు. ఒక ఆదివారం చర్చిలో ప్రార్థనయ్యాక అందరూ కాఫీకి కూర్చున్నారు. రెయిమా బన్నుల పళ్లెం కెర్తు వైపు జరిపాడు. ఐలా చటుక్కున లాగేసుకుంది. "నా ముందు బుద్ధిమంతుడు, చాటున దొంగతిండి!" అంది. అందరూ నవ్వారు. రెయిమా తల వంచుకుని కప్పులోకి చూస్తుండిపోయాడు. మర్నాటినుంచి కాఫీ కొట్టుకి వెళ్లడం మానేశాడు.

ప్యాంటు జారుతోందని మేకుతో బెల్టుకి కొత్త బెజ్జం పొడుచుకుంటుంటే, పోన్లే, బరువైనా తగ్గుతున్నాడనుకుంది ఐలా.

సరస్సు గడ్డకట్టాక నడుం నొప్పని ఆస్పత్రికి వెళితే స్కాన్ తీశారు. క్లోమంలో క్యాన్సరు. డాక్టరమ్మ ఐలాని పక్కకి పిలిచింది. "షుగరు పెరిగింది దీనివల్లేనమ్మా. తిండిలో తప్పేం లేదు." ఫైలు మూసి, "ఇక ఏది అడిగితే అది పెట్టండి" అంది. ఆ మాటకి అర్థం ఐలాకి ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేకపోయింది.

ఇంటికొస్తూ మైదా కొనుక్కొచ్చి కలిపి, వెన్న వేసి, ఏలకులు దంచి బన్నులు కాల్చింది. వేడి చల్లారనిచ్చి మంచం దగ్గరికి తెచ్చింది. రెయిమా ఒక ముక్క కొరికి నోట్లో అటూ ఇటూ తిప్పాడు. మింగుడు పడలేదు. రుమాల్లోకి తీసేసి, "బాగుందక్కా" అన్నాడు.

తర్వాత మెల్లగా, "నేను నిజంగా తినలేదక్కా" అన్నాడు.

"తెలుసురా నాన్నా. నేనే నమ్మలేదు. అందరి ముందూ నిన్ను..."

మొహం పక్కకి తిప్పుకుంది. కళ్లు తుడుచుకుని చూసేసరికి అతను మందు మత్తులో నిద్రపోతున్నాడు. ఎంతవరకు విన్నాడో తెలీదు.

లేచాక చెబుదామనుకుంది. లేచి మంచినీళ్లడిగాడు. చెంచాతో పట్టింది. ఆ పూటా చెప్పలేకపోయింది, తర్వాతా చెప్పలేకపోయింది. సరస్సు కరగకముందే రెయిమా వెళ్లిపోయాడు.