కప్పాను వెతికిన చుక్కలు

నేను ఒక చిటికెన వేలంత సీసాలో ఉండే ప్రతిరక్షకాన్ని, అంటే యాంటీబాడీని. నా పుట్టుక మేక రక్తంలో. మనిషి రక్తంలో ఉండే కప్పా అనే చిన్న ప్రోటీన్ గొలుసును ఆ మేకకు ఎక్కిస్తే, పరాయిదేదో వచ్చిందని దాని ఒళ్లు నన్ను తయారుచేసింది. పాపం, మేకను ఎవరూ అడగలేదు. మనుషులు నన్ను వడగట్టి, మెరిసే రంగు తగిలించి, విశాఖపట్నంలో ఒక ఆసుపత్రి ల్యాబు ఫ్రిజ్‌లో పెట్టారు.

నా పని ఒక్కటే. రక్తంలో బి-కణాలని ఉంటాయి. ఒక్కో కణం ఒంటి మీద కప్పా గానీ, లాంబ్డా గానీ, ఏదో ఒక గొలుసే ఉంటుంది. కప్పా కనబడితే నేను అంటుకుని మెరుస్తాను. లాంబ్డా అయితే పక్క సీసావాడి వంతు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో రెండు రకాల కణాలూ కలిసి ఉంటాయి. అన్నీ ఒకే రకమైతే క్యాన్సరేమోనని అనుమానం. భగవంతుడు రెండు రకాలు ఎందుకు చేశాడో నాకు తెలియదు. ఇలా పట్టుకోవడానికేనేమో.

ఆ శ్రావణ శుక్రవారం సింహాచలం అనే లారీ డ్రైవరు రక్తం వచ్చింది. మెడ నిండా గడ్డలట. అతని భార్య నూకరత్నం ల్యాబు గుమ్మం దగ్గరే కూలబడింది. టెక్నీషియన్ హైమావతి వరలక్ష్మీ వ్రతం ముగించుకుని, పసుపు పాదాలతో పరుగున వచ్చి మమ్మల్ని రక్తంలో వేసింది.

వేయగానే పెళ్లి పందిట్లో చుట్టాలకు చిక్కినట్టయింది నా పని. కణాల చుట్టూ ఉన్న నీటిలోనే కప్పా గొలుసులు గుంపులుగా తేలుతున్నాయి. పట్టుకుంటే వదలవు. కణాల దాకా పోనిస్తేగా! పక్క సీసావాడి గతీ అంతే. మా మెరుపులు లెక్కపెట్టే యంత్రం తెర మీద ఒక్క మెరుపూ లేదు.

డాక్టరు ఫణిశర్మ నొసలు చిట్లించారు. "రెండూ లేవా? ఇది మంచి లక్షణం కాదే."

గుమ్మం దగ్గర నూకరత్నం కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన మళ్లీ తెర చూసి, "హైమా, కణాలు కడిగావా?" అన్నారు.

ఆమె నాలుక కరుచుకుంది. "అయ్యో సార్! తెల్లారకముందే ఇల్లు కడిగాను, గుమ్మం కడిగాను, కలశం చెంబు కడిగాను..."

"కణాలు మాత్రం అమ్మవారికి వదిలేశావు. సరే, మళ్లీ చెయ్యి."

ఈసారి కణాలను శుభ్రంగా కడిగి, నా చివరి చుక్కలు వేసింది. చుట్టాలెవరూ లేరు. తిన్నగా వెళ్లి అంటుకున్నాను. పక్కన లాంబ్డా వాడూ మెరిశాడు.

"రెండు రకాలూ ఉన్నాయమ్మా," అన్నారు డాక్టరు. "ఈ రక్తంలో క్యాన్సర్ గుర్తు కనబడలేదు. గడ్డలెందుకొచ్చాయో ఇంకా చూస్తాం."

నూకరత్నం నా సీసా వైపు చూసింది. "ఆ మందు రెండు చుక్కలు మావోడికి తాగించండి బాబూ."

"తాగేది కాదమ్మా, చూసేది. అయిపోయింది కూడా."

హైమావతి ఖాళీ సీసాను, అడుగున తడిగా మిగిలిన నన్నూ చెత్తబుట్టలో పడేసింది. వరండాలో కూర్చున్న మొగుడితో నూకరత్నం అంటున్న మాటలు అక్కడికి వినబడ్డాయి. "ఏటలా కూకున్నావు? ఒకటే రకం కాదంట, రెండూ ఉన్నాయంట! లెగు, అన్నం తిను."

"రెండేటే?" అన్నాడు సింహాచలం.

"నాకేటి తెల్సు? ముందు తిను."

క్యారేజీ మూత తీసిన చప్పుడైంది.