వదినకు కోపం వచ్చిన నెలలు

కర్టెన్ల దుకాణంలో మాటలన్నీ చిట్టివి, కుట్టంతా వదినది. మొదలుపెట్టినప్పటి నుంచీ అదే పద్ధతి. యాభై దాటినా చిట్టికి ఇంట్లో ఆ ముద్దుపేరూ పోలేదు, నోటి దూకుడూ తగ్గలేదు. ఇళ్ళకు వెళ్ళి కిటికీలు కొలవడం, బట్ట ఎంపిక చేయించడం, ఆలస్యమైతే వచ్చినవాళ్ళకు సర్దిచెప్పి పంపడం ఆమె పనులు. ఆమె అన్నగారి భార్య వెనక గదిలో మిషను ముందు కూర్చుని కుచ్చులు పట్టేది. నోట్లో నాలుక లేని మనిషని వదినకు పేరు. చిట్టి ఎన్ని వంకలు పెట్టినా "సరేలే" అని బాబిన్ మార్చుకునేది.

అలాంటి వదినకు గుండెదడ పట్టుకుంది. ఊరికే కూర్చుని ఉండగానే గుండె పరుగందుకునేది. అదీ ఒక వరసలో కాదు. రెండు దెబ్బలు గబగబా, తర్వాత కాస్త ఆగి, మళ్ళీ నాలుగు ఒకదాని మీద ఒకటి. గుండె డాక్టరమ్మ మొదట ఇచ్చిన మాత్రలు దడనూ తగ్గించాయి, మనిషినీ నీరసపెట్టాయి. నాడి మరీ నెమ్మదించి, మెట్లెక్కితే కళ్ళు తిరిగేవి. మిషను మీదే తూలుతోందని చిట్టి చెప్పాక, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్రను అలాగే ఉంచి, దడ మందు మార్చారు.

"ఇది గట్టి మందు," అంది డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి. "గుండె కొట్టుకోవడానికి లోపల సన్నటి కరెంటు నడుస్తుంటుంది. మీకు పై గదుల్లో అది దారితప్పి సుడులు తిరుగుతోంది. గుండెలో ప్రతి కణం ఒకసారి పనిచేశాక, మళ్ళీ సిద్ధం కావడానికి కాస్త వ్యవధి కావాలి. ఈ మందు ఆ వ్యవధిని పెంచుతుంది. సుడి తిరిగొచ్చేసరికి కణం ఇంకా సిద్ధంగా ఉండదు. దాంతో సుడి అక్కడే ఆగిపోతుంది."

"మరి ఇబ్బందులేమన్నా ఉన్నాయా డాక్టరుగారూ?" చిట్టి అడిగింది.

"ఉన్నాయి. ఎండకు చర్మం కందుతుంది. కళ్ళు, ఊపిరితిత్తులు, కాలేయం, థైరాయిడ్ కనిపెట్టుకుని ఉండాలి. ఆరు నెలలకోసారి రక్తపరీక్ష తప్పనిసరి."

మందు పనిచేసింది. దడ పోయింది. మొదటి పరీక్ష బాగానే వచ్చింది. రెండోదానికి వెళ్ళాల్సిన రోజుల్లోనే ఒక పెద్ద హోటలు నుంచి కిటికీలన్నిటికీ కర్టెన్లు కావాలని కబురొచ్చింది. "ఈ పని గట్టెక్కనీ, వెళ్దాం," అంది చిట్టి. "సరేలే," అంది వదిన. ఆ తర్వాత చాలాకాలం ఆమె నోట ఆ మాట వినిపించలేదు.

మొదటి దెబ్బ చిట్టికే తగిలింది. "ఈ అంచు ఇంకాస్త దగ్గరగా కుట్టాల్సింది వదినా," అంది అలవాటుగా. వదిన మిషను ఆపింది.

"అయితే నువ్వే కుట్టు. ఇన్నేళ్ళూ నా నెత్తిన నిలబడి చెప్పడమేగానీ, ఒక్క కుచ్చు పట్టావా ఎప్పుడైనా?"

చిట్టి కర్టెన్ అక్కడే వదిలేసి ముందు గదిలోకి వచ్చేసింది.

అక్కడితో ఆగలేదు. పొడవు మార్చమని మూడోసారి వచ్చిన ఒకాయన మీదికి వదిన వెనక గదిలోంచి దూసుకొచ్చింది. "మీ కిటికీ ఏమన్నా పెరుగుతోందా, తరుగుతోందా? తీసుకెళ్ళండి!" ఆయన కిక్కురుమనకుండా పట్టుకుపోయాడు. ఇంట్లో అందరూ దుప్పట్లు కప్పుకుని వణుకుతుంటే ఉక్క అని ఫ్యాను జోరుగా పెట్టేది. ఆపబోయిన అన్నయ్యను ముందు గదిలోకి తరిమింది.

"ఏమైందే మీ వదినకి?" అన్నయ్య దుకాణానికి వచ్చి గుసగుసలాడాడు. "పలకరిస్తే చాలు కస్సుమంటోంది."

"ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్నదంతా కక్కుతోంది, అంతే," అంది చిట్టి. పైకి తేలిగ్గానే అంది. కానీ ఆ పొద్దున్నే వదిన "నీ గొంతు వింటుంటే తలలో డప్పులు మోగుతున్నాయి" అనేసింది. చిట్టి ఆ పూటంతా ముందు గదిలో ఒంటరిగా, లెక్కకు మించి హుక్కులు గుచ్చుతూ కూర్చుంది. తర్వాత నాలుగు రోజులు అవసరమైతేనే మాట్లాడింది.

హోటలు కర్టెన్లు మడతపెడుతుండగా ఒకదాని కుట్టు వంకరపోయి కనిపించింది. వదిన కుట్టు వంకరపోవడమా! దొరికింది అవకాశం అనుకుంది చిట్టి. కర్టెన్ భుజాన వేసుకుని, అనబోయే మాటలు కూర్చుకుంటూ వెనక గదిలోకి వెళ్ళింది.

వదిన సూదిలోకి దారం ఎక్కిస్తోంది. దారం కొస సూది చుట్టూ తిరుగుతోందిగానీ లోపలికి పోవడం లేదు. చేతులు అంతలా వణుకుతున్నాయి. మునుపటికంటే రెట్టింపు తింటున్న మనిషికి జాకెట్టు వదులై, పిన్నులు పెట్టి బిగించుకుని ఉంది. మెడంతా చెమట. చిట్టి కర్టెన్ కిందపడేసి వదిన మణికట్టు పట్టుకుంది. వేడిగా ఉంది. వేళ్ళ కింద నాడి ఒక వరస లేకుండా పరుగులు తీస్తోంది.

"ఎప్పట్నుంచి వదినా?"

"వారమైంది. చెప్తే పని ఆపేసి గోల చేస్తావని..."

మరుక్షణం షట్టరు దించేసి ఆస్పత్రికి బయల్దేరారు.

రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ తల ఊపింది. "ఈ మందులో అయోడిన్ ఎక్కువ. దానివల్ల కొందరికి థైరాయిడ్ మందగిస్తుంది, కొందరికి రెచ్చిపోతుంది. మీకు రెచ్చిపోయింది. బరువు తగ్గడం, ఉక్క, వణుకు, చిరాకు, అన్నీ దానివే. ఏ దడ కోసం మందిచ్చామో ఆ దడే తిరిగొచ్చింది కూడా. పరీక్ష సమయానికి చేయించి ఉంటే ముందే పట్టుకునేవాళ్ళం."

వదినా చిట్టీ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"ఇంటికెళ్ళగానే ఆ మాత్రలన్నీ చెత్తబుట్టలో పడేస్తా," అంది చిట్టి.

"మీ అంతట మీరు ఏదీ ఆపకండి. దీన్ని నేను ఆపిస్తున్నాను. రక్తం గడ్డకట్టకుండా వాడే మాత్ర మాత్రం కొనసాగాలి. అయినా ఇది వెంటనే పోదు. ఒంట్లో కొవ్వులో చేరి నెలల తరబడి ఉంటుంది." థైరాయిడ్‌ను అదుపుచేసే మాత్రలు రాసింది. వణుకుకూ దడకూ మొదట్లో నీరసపెట్టిన మాత్రే ఈసారి చిన్న మోతాదులో ఇచ్చింది.

చిట్టి కుర్చీలో ముందుకు జరిగింది. "అంటే డాక్టరుగారూ, ఈవిడ నన్నన్న మాటలన్నీ మందు వల్లేనా?"

"చిరాకు మందు వల్లే. మాటల సంగతి రక్తపరీక్షలో తేలదమ్మా."

కుదుటపడడానికి నెలలు పట్టింది. ఈలోగా మిగిలిన హోటలు పని చిట్టి మెడకు చుట్టుకుంది. మిషను ముందు కూర్చుని, బట్టను నొక్కిపట్టే ఇనుప పాదం దించడం దగ్గర్నుంచి నేర్చుకుంది. మొదటి కుచ్చులు చూసి తనకే నవ్వొచ్చింది. పక్క కుర్చీలో వదిన చల్లబడ్డ చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆ దడ మాత్రతో వస్తున్న పిచ్చి కలల్ని చెబుతూ, మధ్యమధ్య "బట్ట లాగకు, దానంతట అదే నడుస్తుంది" అనేది.

"డప్పులు మోగుతున్నాయన్నావు," అంది చిట్టి ఒక మధ్యాహ్నం, కుట్టు మీంచి తల ఎత్తకుండా.

"అన్నాను. అనకుండా ఉండాల్సింది."

"మరి ఒక్క కుచ్చూ పట్టలేదన్నది?"

వదిన పక్కకు జరుగుతున్న బట్ట అంచును సరిచేసింది. "అది ఎప్పట్నుంచో లోపల ఉన్నదే. ఇంకోటి కూడా ఉంది. కొలతలకు నేనూ వస్తాను. ఈ గదిలో గోడ చూసీ చూసీ విసుగొచ్చింది."

నీకెందుకు వదినా ఆ శ్రమ అనబోయి, చిట్టి ఆ మాట మింగేసింది. "మెట్లుంటాయి మరి," అంది.

"నెమ్మదిగా ఎక్కుతా."

అన్నట్టుగానే ఎక్కింది. మూడో అంతస్తులో ఒక కుర్రజంట ఇల్లు. వాళ్ళకు నల్లటి మందపాటి బట్ట కావాలట. "పగలు కూడా లైటు వేసుకోవాల్సొస్తుంది. లేతరంగు తీసుకుని లైనింగ్ వేయించుకోండి," అంది వదిన టేపు చుడుతూ. వాళ్ళు మొహమొహాలు చూసుకుని సరేనన్నారు. చిట్టికి మధ్యలో నోరు దురద పెట్టింది. ఊరుకుని కొలతలు రాసుకుంది.

దిగేటప్పుడు వదిన మలుపులో ఆగి, మణికట్టు మీద వేళ్ళు పెట్టుకుంది.

"ఎలా ఉంది?"

"వరసగానే ఉంది. ఉండు, కాస్త ఊపిరి తీసుకోనీ. ఆ పిల్ల బాత్రూము కిటికీ సంగతి అడిగింది, విన్నావా?"

"విన్నా."

"అది నువ్వే కుట్టు. చిన్నదే," అంది వదిన.