పటాల బడి పంతులు

పొద్దు బారెడెక్కే లోపల ఉప్పలమ్మకు మూడు పనులు తెమలాలి. నానబెట్టిన చింతగింజలు రుబ్బి అంబలి కాయాలి. సుద్దమట్టి వడగట్టాలి. పటాల బడి ఊడ్చి, గోడలకు వేలాడే పాత పటాల మీది దుమ్ము దులపాలి. ఆ తర్వాత వాకిట్లో కట్టిన ఇనప ముక్కను రాయితో కొడితే అదే బడి గంట. గంట వినగానే చిన్నా పెద్దా కలిసి పదకొండు మంది వచ్చి చాపల మీద కూర్చునేవాళ్లు. అందరూ కూర్చున్నాక, చచ్చిపోయిన సోమనర్సయ్య వచ్చి పాఠం మొదలుపెట్టేవాడు.

కొడకండ్లకు కోసెడు దూరంలో, పెంకులు కప్పిన ఒక పొడుగాటి సాయమాను ఆ బడి. ఉప్పలమ్మ మొగుడు సోమనర్సయ్యది నకాషీ ఇల్లు. నకాషీలు గుడ్డకు చింతగింజల అంబలీ సుద్దమట్టీ పూసి ఆరబెట్టి, దాని మీద కులాల కథలను బొమ్మలు బొమ్మలుగా గీస్తారు. కథ చెప్పేవాళ్లు ఆ పటాన్ని ఊరూరా విప్పి, పుల్లతో ఒక్కొక్క బొమ్మా చూపిస్తూ పాడతారు. పటం పాతబడి రంగు పోతే కాళేశ్వరం తీసుకెళ్లి గోదావరిలో వదిలేయడం ఆచారం. సోమనర్సయ్యకు అదొక్కటి నచ్చేది కాదు. "గోదారి ఏం చూస్తదిరా పటాన్ని? నాకియ్యుండ్రి, పిల్లలకు చూపిస్త" అని కథకుల వెంటపడి అడిగేవాడు. అట్లా ముప్ఫై రెండు పటాలు పోగయ్యాయి. వాటిని గోడల పొడుగునా వేలాడదీసి, ఏ పటం ఏ తాత గీశాడో, ఏ కరువులో ఎరుపు దొరక్క దేనిలో కావి కలిపారో, ఎవరి చేయి ముక్కును ఎట్లా తిప్పుతుందో చెప్పేవాడు. బయటి గోడ మీద బొగ్గుతో రాసేవాడు: "ఈ బేస్తారం గొల్లల పెద్ద పటం విప్పబడును. ఎవ్వరైన రావచ్చును." జనగామ నుంచి కూడా బండ్లు కట్టుకొని వచ్చి చూసిపోయేవాళ్లు.

రజాకార్ల కాలంలో, ఫాల్గుణంలో ఆయన చచ్చిపోయాడు. ఊళ్లో వందమంది కూర్చునే జాగా ఆ సాయమాను ఒక్కటే కాబట్టి, దొరల మీద తిరగబడ్డ సంఘపోళ్లు అక్కడ మీటింగు పెట్టుకున్నారు. తెల్లారి దొర మనుషులు వచ్చి, గడప మీద నిలబడ్డ సోమనర్సయ్యను తుపాకితో కాల్చి వెళ్లిపోయారు. ఊరు ఊరంతా కదిలి కాష్టం పేర్చింది. మూడొద్దుల నాడు పిట్టకు పెట్టారు. పదకొండో నాడు ఉప్పలమ్మ గాజులు తీశారు. పన్నెండో నాడు, చేయి ఊరుకోక ఆమె గంట కొట్టింది. ఆయన వచ్చాడు. కాల్చిన నాటి అంగీయే ఉంది, రొమ్ము మీద గోధుమ రంగు మరకతో. "నిన్న ఎక్కడిదాక చెప్పిన?" అన్నాడు. "నీలం రంగు కాడ ఆపినవు పంతులూ" అంది ముందు వరసలో కూర్చున్న ఈదమ్మ. పాఠం సాగింది.

ఊళ్లో ఎవరూ దాన్ని గురించి గుసగుసలు పోలేదు. పంతులు బడికి వస్తే అందులో చెప్పుకునేదేముంది? ఇంటికొచ్చిన పిల్లలను "ఇయ్యాల పంతులు ఏం చెప్పిండు?" అని అడిగేవాళ్లు, అంతే. మారినదల్లా ఒకటే. కుంచె ఆయన వేళ్ల మధ్య నిలిచేది కాదు, జారి కింద పడేది. పుల్ల కూడా అంతే. అందుకని ఆయన నోటితో చెప్తుంటే ఉప్పలమ్మ పుల్ల పట్టుకొని బొమ్మలు చూపించేది. ఎండ గడప దాటి లోపలికి వచ్చేసరికి ఆయన ఉండేవాడు కాదు.

ఇంటికి మాత్రం రాలేదు. ఆమెతో ఒక్కమాటా మాట్లాడలేదు. మొదట్లో ఆమె జొన్నరొట్టె మూటగట్టి తెచ్చి ఆయన ముందు పెట్టేది. "ఒక్క తునక తినయ్యా" అని బతిమాలేది. ఆయన ఆమె భుజం మీదుగా గోడను చూస్తూ "రెండో పటంల గుర్రాన్ని చూడుండ్రి" అనేవాడు. నెల తిరిగేసరికి రొట్టె తేవడం మానేసింది. పూర్తిగా పోయిన మనిషైతే ఏడ్చి ఊరుకుందును, ఇట్లా రోజూ కండ్ల ముందుకు వచ్చి తెలియనట్టు పోయే మనిషికి ఏమని ఏడ్వను అని ఈదమ్మతో అంది ఒకసారి.

ఆ వానాకాలంలో ఉప్పలమ్మ కుంచె పట్టింది. నకాషీ ఇండ్లలో ఆడవాళ్లు రంగులు నూరాలి గాని గీత గీయకూడదు. ఇరవై రెండేండ్లు ఆమె నూరుతూ చూసిందే. ఇప్పుడు ఇంట్లో తలుపేసుకొని, పన్నెండు మూరల గుడ్డ మీద ఊళ్లో జరిగింది జరిగినట్టు గీసింది. దొర గడి ముందు బరువులు మోసే వెట్టివాళ్లు, బాలింతను పొలంలోకి గుంజుకుపోయే గుమాస్తా, ధాన్యపు పాతర, మీటింగు, తుపాకులు. చివర గడప మీద పడిపోయిన సోమనర్సయ్య. అందరికీ కండ్లు పెట్టింది. ఆయన ముఖం దగ్గర కుంచె ఆగిపోయింది.

మర్నాడు బడిలో, పాఠం అడిగినట్టుగా అడిగింది. "పంతులూ, చచ్చినోనికి కండ్లు ఎట్ల పెట్టాలె?"

ఆయన అందరికీ చెప్పినట్టే చెప్పాడు. "పటంల ఎవ్వల కండ్లు మూయొద్దు. చచ్చినోడు గూడ చూస్తనే ఉండాలె. చూడకపోతె కథ ఎవలకు చెప్తరు?"

ఆ రోజు ఇంటికి వెళ్లి ఆమె ఆయనకు పెద్ద పెద్ద కండ్లు పెట్టింది.

ఆ పటాన్ని రాజమల్లు అనే కథకుడు తీసుకుపోయాడు. కొడకండ్లలో విప్పాడు, చుట్టుపక్కల పల్లెల్లో విప్పాడు, మానుకోట దాకా వెళ్లాడు. విన్నవాళ్లు ఏడ్చేవాళ్లు. ఏడ్చినవాళ్లలో కొందరు తెల్లారేసరికి సంఘంలో కలిసేవాళ్లు. ఎవరు గీశారంటే రాజమల్లు నవ్వి "ఒక చెయ్యి" అనేవాడు.

అంతలో పట్నంలో రాజ్యం మారిందన్నారు. మిలటరీ వచ్చిందనీ, ఇక కష్టాలు గట్టెక్కాయనీ జనం కొబ్బరికాయలు కొట్టారు. అంతకుముందే సంఘానికి భయపడి పారిపోయిన దొర ఆ మిలటరీ బండి వెనకే తిరిగొచ్చాడు, ఈసారి నెత్తిన తెల్ల టోపీతో. జనం పంచుకున్న తన భూములు మళ్లీ లాక్కున్నాడు. ఊరి పక్కన క్యాంపు పడింది. సంఘపు మనుషులను పట్టుకుపోయి తుమ్మల దిక్కు నిలబెట్టి కాల్చేవాళ్లు. కొబ్బరికాయలు కొట్టినవాళ్లే మళ్లీ కాష్టాలు పేర్చారు.

మాఘంలో రాజమల్లు దొరికాడు. గోళ్లు పీకినా పటం ఎవరు గీశారో చెప్పలేదు. కాళ్లు విరిచి జైలుకు తోలారు. పటం మాత్రం క్యాంపు ఆఫీసరు చేతికి చిక్కింది. నకాషీ పని అని చూస్తేనే తెలుస్తుంది. నకాషీ ఇల్లు ఆ చుట్టుపక్కల ఒక్కటే.

పాఠం జరుగుతుండగానే వాళ్లు వచ్చారు. ఆఫీసరు, పదిమంది జవాన్లు, ఆఫీసరు మాటలు తెలుగు చేసే అబ్రహాం. అబ్రహాంది చిట్యాల, మిషను బడిలో చదివినవాడు. ఈ ఊరి అల్లుడు. నిరుడు సోమనర్సయ్య పాడెకు భుజం పట్టినవాళ్లలో ఒకడు. లోపలికి వస్తూనే పాఠం చెప్తున్న పంతుల్ని చూశాడు. చూసి తల దించుకున్నాడు.

జవాన్లు నేల మీద పటం పొడుగ్గా పరిచారు. ఆఫీసరు హిందీలో ఏదో అన్నాడు.

"ఇది గీసినోళ్లు ఎవలో చెప్పుమంటున్నడు" అన్నాడు అబ్రహాం. "చెప్పకుంటె మగోళ్లనందరిని తోల్కపోతడట. బడిని అంటువెడ్తడట."

ఉప్పలమ్మ గోళ్ల సందున పొద్దున నూరిన ఎరుపు ఉంది. చేతులు కొంగులో దాచుకోలేదు. లేచి నిలబడింది. "సాబ్, గది..." అంది.

"గీత చూసి గీసినోన్ని పట్టొచ్చు" అన్నాడు సోమనర్సయ్య.

అందరూ అటు తిరిగారు. ఆయన లేచి పటం దగ్గరికి వచ్చాడు, రోజూ పాఠం చెప్పే గొంతుతోనే మొదలుపెట్టాడు.

"ఇరవై ఏండ్ల సంది నేను చెప్పేది గదే. గీ ముక్కు చూడుండ్రి. అందరు నొసలు కాడికెళ్లి కిందికి గుంజుతరు. గీడ కిందికెళ్లి మీదికి పోయింది. గీత వణికింది, చూసిండ్రా? భయానికి వణకలే. ఏడ్సుకుంట గీసింది కాబట్టి వణికింది. అంత ఏడుపుల గూడ నడుమ ఎక్కడ చెయ్యి లేపలే. గిసోంటి చెయ్యి మా తాతకు లేకుండె. మా బాపుకు లేకుండె. ఈ తాలూకా మొత్తం తిరిగినా గీ చెయ్యి ఒక్కటే."

బతికి ఉండగా ఆయన ఉప్పలమ్మను మెచ్చుకున్నది ఒక్కసారీ లేదు.

అబ్రహాం ఒక్కొక్క మాటా హిందీలోకి తిప్పాడు. "ఎవరిదా చెయ్యి?" అన్నాడు ఆఫీసరు.

"నాది" అన్నాడు సోమనర్సయ్య.

అప్పటిదాకా, బతికుండగా గాని చచ్చాక గాని ఆ నోట అబద్ధం రావడం ఊరు వినలేదు. ఆఫీసరు దగ్గరికొచ్చి ఆయన రొమ్ము మీది మరకను లాఠీతో తాకి ఇదేమిటన్నాడు. జవాబు అబ్రహామే చెప్పాడు. "రంగు సాబ్. నకాషీలు ఎరుపు వాడుతరు."

"కాదు!" అని ఉప్పలమ్మ అరిచింది. ఈదమ్మ ఆమె కొంగు పట్టి గుంజింది. అప్పుడు సోమనర్సయ్య ఆమెను చూశాడు. భుజం మీదుగా గోడను కాదు, ఆమెనే.

"ఉప్పలవ్వా, రంగు ఎండిపోతున్నది. పోయి నీళ్లు పొయ్యి" అన్నాడు.

ఏడాది తర్వాత ఆయన ఆమెతో అన్న మొదటి మాట అది. ఇరవై రెండేండ్లు ఆ మాట వినగానే లేచిన కాళ్లు. ఆమె ఆలోచించకముందే అవి వెనక వసారాలోకి నడిచాయి. చిప్పలో నీళ్లు పోసి, వేలితో కలిపి, ఒక్కసారి తెలివి వచ్చినట్టు వెనక్కి పరుగెత్తేసరికి ఆయన చేతులు వెనక్కి విరిచి కట్టేశారు. కుంచె నిలవని ఆ చేతులకు తాడు నిలిచింది.

తుమ్మల దిక్కు నుంచి రెండు తుపాకి చప్పుళ్లు వినిపించాయి. జవాన్లు వెళ్లాక ఊరివాళ్లు పరుగెత్తి చూస్తే అక్కడ శవం లేదు, నెత్తురు లేదు. కోసిన తాడు ముక్క ఒకటి ముళ్లలో పడి ఉంది. పటాన్ని జవాన్లు పోతూ పోతూ బడి ముందే కాల్చేశారు.

తెల్లారి గంట కొడితే పదకొండు మందీ వచ్చారు. ఎండ గడప దాటింది, గోడ దాకా పాకింది. ఆయన రాలేదు. మూడో రోజుకు ముగ్గురే వచ్చారు. వారానికి ఉప్పలమ్మ ఒక్కతే చాప మీద కూర్చుంది. ఒక మనిషికి రెండోసారి దినాలు ఎట్లా చేయాలో కులపెద్దలకు తెలియదు. తీయడానికి ఆమె చేతులకు గాజులూ లేవు.

పదిరోజులకు అబ్రహాం వచ్చి గడప బయటే నిలబడ్డాడు.

"అక్కా, క్యాంపు కాయితంల నేనే రాసిన. పటం గీసినోడు దొరికిండు, చచ్చిండు అని. ఆ కేసు మూసేసిండ్రు. నువ్వు భయపడకు. ఇగ నీ ఇంటి దిక్కు ఎవ్వరు రారు."

ఉప్పలమ్మ ఆ మాటను నోట్లోనే ఒకసారి అనుకుని చూసింది.

"అవును తమ్మీ" అంది. "ఇగ ఎవ్వరు రారు."