మాస్టారు నొక్కని బెల్లు

శుక్రవారం చివరి పీరియడులో డ్రిల్లు మాస్టారు బడి ఆవరణలో సుద్దతో రోడ్డు గీస్తారు. మూడో తరగతి పిల్లలు హెల్మెట్లు బిగించుకుని వరసలో నిలబడతారు. ఎక్కేముందు గాలి, బ్రేకులు, చైను, బెల్లు చూసుకోవాలని పాఠం. మొదటి మూడూ మాస్టారు చేసి చూపిస్తారు. బెల్లు దగ్గరికొచ్చేసరికి మాత్రం నోటితో "టింగ్ టింగ్" అని సరిపెట్టేస్తారు. పిల్లలకి అదో వేడుక.

బడికి ఉన్నది ఒక్కటే సైకిలు, ఎర్రది. తమ తప్పు పక్కవాళ్ళ మీదకు నెట్టినవాళ్ళు నొక్కితే దాని బెల్లు మోగదు. రిపేరు చేసే అతను ఓసారి విప్పి చూసి, నూనె చుక్క వేసి, "దీనికేం రోగం లేదు, మనుషుల్ని చూసుకోండి" అని తన దారిన తను పోయాడు. బళ్ళో అద్దం పగిలినప్పుడల్లా పెద్ద టీచరమ్మ సైకిల్ని వరండాలోకి తెప్పించి అందరిచేతా బెల్లు నొక్కిస్తుంది. సైకిలొచ్చిన ఈ పదకొండేళ్ళలో ఆ బెల్లు మీద వేలు వెయ్యనిది మాస్టారొక్కరే.

ఓ శుక్రవారం రెండు జడల పిల్ల వంతు వచ్చింది. ఒకటో తరగతి చదివే ఆమె తమ్ముడు కాలికి కట్టుతో గట్టు మీద కూర్చున్నాడు.

"మా సైకిలు వెనక కుదురుగా కూర్చోమంటే వినకుండా చక్రంలో కాలు పెట్టేశాడు మాస్టారూ. ఇంక వాడు సైకిలు ముట్టుకోకూడదంది అమ్మ," అని చెబుతూ బెల్లు నొక్కింది. మోగలేదు.

"బెల్లే పాడైంది. కావాలంటే మీరు నొక్కండి, మీకూ మోగదు," అంది ఏడుపు గొంతుతో.

పిల్లలందరూ ఆయన వంకే చూస్తున్నారు. మాస్టారు బొటనవేలితో నొక్కారు. చప్పుడు లేదు. రెండు జడల పిల్ల హమ్మయ్య అనుకుంది. గట్టు మీద తమ్ముడు మాత్రం మరింత ముడుచుకుపోయాడు. వాణ్ణి చూసేసరికి మాస్టారికి తల కొట్టేసినట్టయింది.

"బెల్లు బాగానే ఉందమ్మా. చిన్నప్పుడు మా చెల్లెల్ని బ్రేకుల్లేని సైకిలెక్కించి వాలులో వదిలేశాను. అది వద్దు వద్దంటున్నా నేను వినలేదు. దాని కాలు చక్రంలో పడి నలిగిపోయింది. తనే కాలు పెట్టిందని ఇంట్లో చెప్పాను."

"తర్వాత నిజం చెప్పారా?"

"లేదు."

బడి వదిలాక పిల్ల గేటు దగ్గరికి వెళ్ళి, తీసుకెళ్ళడానికి వచ్చిన తల్లితో ఏదో చెప్పింది. తల్లి చిన్నవాణ్ణి ఎత్తుకుంది. పిల్ల పరుగున వచ్చి బెల్లు నొక్కింది. ఖంగుమంది.

"మీరూ అమ్మకి చెప్పాలి మాస్టారూ," అంది. "మాకు చెబితే చాలదు."

మాస్టారు సైకిలు నడిపించుకుంటూ ఇంటికి వెళ్ళారు. అమ్మ కిటికీ పక్కన కుర్చీలో ఉంది. చెల్లెలు కుట్టు మిషను దగ్గర ఉంది. వాళ్ళ చిన్నప్పుడు హైస్కూలు పెద్దరోడ్డు అవతల ఉండేది, సైకిలు మీద వెళ్ళాల్సొచ్చేది. ఒళ్ళు దగ్గర పెట్టుకోని పిల్లని ఆ రోడ్డు మీదకు పంపనని అమ్మ ఐదో తరగతితో చెల్లెలి చదువు మాన్పించింది. ఆ మాటకి నలభై ఏళ్ళు దాటాయి.

మాస్టారు నిలబడే చెప్పారు.

"ఇన్నేళ్ళూ దాన్నే అన్నాను కదరా," అంది అమ్మ. ఆవిడ తిట్టి ఉంటే బాగుండుననిపించింది మాస్టారికి.

చెల్లెలు చేతిలోని అంచు చివరిదాకా కుట్టి, దారం కత్తిరించింది. కాలు ఈడ్చుకుంటూ వాకిట్లోకి వెళ్ళి బెల్లు నొక్కింది. వీధి చివరిదాకా మోగింది.

"సీటు కాస్త దించు," అంది.

మాస్టారు స్పానరు తెచ్చి కింద కూర్చున్నారు. చెల్లెలి చీలమండ మీది మచ్చ సరిగ్గా ఆయన కళ్ళెదుట ఉంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయారు. నట్టు కదలడం లేదు.

"బిగిస్తున్నావన్నయ్యా. ఇటు తిప్పు."

సీటు దిగింది. ఆమె ఎక్కి కూర్చుంది, నలిగిన కాలు పెడలు మీద ఆనించుకుంది.

"నువ్వూ ఓసారి నొక్కి చూసుకోవా?" అని అడిగింది.

మాస్టారు వద్దన్నట్టు తల ఊపి, వెనక క్యారియర్ని రెండు చేతులా పట్టుకున్నారు.

"నేను వదలమన్నప్పుడే వదలాలి," అంది చెల్లెలు.