అక్క రాకెట్ ఎటు పడింది

మా కాన్సస్‌లో గాలి లేని రోజు కోసం కాచుకుంటే రాకెట్ ఎగరేసినట్టే. అయినా ఆ శనివారం గాలి మరీ పేట్రేగిపోయింది. "ఈ పూటకి వద్దులే అక్కా" అన్నాను. మా ఆర్డిత్ అక్క వింటేగా! ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపిన మనిషి, ఎవరో చెబితే బ్రేకు వేసే రకం కాదు.

ఎనిమిదడుగుల పసుప్పచ్చ రాకెట్. చలికాలమంతా గ్యారేజీలో కూర్చుని తయారుచేసింది. ఇంకా పెద్ద మోటార్లు కొనాలంటే మా రాకెట్ క్లబ్బు పరీక్ష గట్టెక్కాలి. ఎగరేసి, దించి, చెక్కుచెదరకుండా ఐదింటిలోగా పరీక్ష పెట్టే క్లీటస్ బల్ల మీద పెట్టాలి. ఇప్పటికి రెండుసార్లు తప్పింది. "ఈసారీ పోతే ఇక ముట్టుకోను" అంది పొద్దున్నే.

మూడింటికి వదిలాం. నిప్పులు కక్కుతూ నిటారుగా పోయింది. కిందికొచ్చాక విచ్చుకోవాల్సిన పెద్ద పారాచూట్ పైనే విచ్చుకుంది. ఇంకేముంది, గాలి దాన్ని జొన్నచేల మీదుగా ఎత్తుకుపోయింది.

మాలో ఒక పద్ధతుంది. ఒకడు కన్నార్పకుండా చూసి, రాకెట్ పడిన వైపు చెయ్యి చాపి కదలకుండా నిలబడాలి. వెతికేవాళ్లు అతని చెయ్యి చూపిన దారినే నడుస్తారు. ఆ రోజు ఆ పని నాది. సరిగ్గా అది నేలకు దిగే వేళ నా టోపీ ఎగిరింది. దరిద్రపు టోపీ! పట్టుకోవడానికి వంగాను. తలెత్తితే ఆకాశం ఖాళీ.

అక్క పరుగున వచ్చింది. "చూశావా?"

"చూశాను" అన్నాను, దూరంగా ఉన్న గాలిమర వైపు చెయ్యి చాపి. నోటికదే వచ్చింది.

ఆమె నడుం లోతు చేలో దిగిపోయింది. కాసేపటికోసారి వాకీటాకీ గరగరలాడేది.

"ఇంకా ముందుకేనా రా?"

"ముందుకే."

"గాలిమర దాటేశాను. ఇక్కడ జొన్నలు తప్ప ఏమీ లేవు."

"కాస్త... కుడివైపు చూడు."

చెయ్యి పీకేస్తోంది. దించితే నా బండారం బయటపడుతుందని దించలేదు. ఒకటే గాభరా. రెండు నిమిషాలకోసారి గడియారం చూసుకుంటున్నాను, తిట్టుకుంటున్నాను.

నాలుగున్నరకు క్లీటస్ వచ్చాడు. "ఏం వెర్లిన్, దిష్టిబొమ్మ ఉద్యోగం బాగుందా? మీ అక్కకింక అరగంటే ఉంది."

ఇక నావల్ల కాలేదు. వాకీటాకీ నొక్కాను. "అక్కా, అది పడటం నేను చూడలేదు. టోపీ కోసం వంగాను. సిగ్గేసి అబద్ధం చెప్పాను."

వాకీటాకీ గరగరలాడింది.

"రోడ్డు అవతల పడిందని ఇందాకే ఇద్దరు చెప్పారు రా" అంది. "కళ్లారా చూశామన్నారు. మా తమ్ముడు చూశాడు, మీరే పొరబడ్డారని పంపించేశాను."

ఐదుంపావుకి రోడ్డు అవతలే దొరికింది. గీత కూడా పడలేదు. క్లీటస్ అప్పటికే బల్ల మడిచేశాడు.

అక్క రాకెట్‌ని భుజానికెత్తుకుంది. వెనక కొస నేను పట్టుకోబోయాను.

"నేను మోసుకుంటాలే" అంది, మెల్లగా.

నా మీద అరిచినా బాగుండేది.