కరెంటు స్తంభానికి చెప్పుకున్న గోడు

సన్యాసిరావు వచ్చి గోడ మీద కూర్చున్నాడన్న కబురు గ్రౌండంతా పాకేసరికి మార్కెట్ టీము ఒక గోలు తినేసి ఉంది.

ఎర్రయ్య తల తిప్పలేదు. తిప్పితే ఆ మనిషిని చూడాల్సి వస్తుందని మెడ బిగబట్టుకుని నిలబడ్డాడు. పక్కనున్న సత్తిరాజు మాత్రం ఓరకంట చూడనే చూశాడు. ఇద్దరూ అనకాపల్లి బెల్లం మార్కెట్లో కళాసీలు. పొద్దున్నంతా బెల్లం దిమ్మలు మోసి, ఒంటికి అంటుకున్న జిగురైనా కడుక్కోకుండా మ్యాచికి పరిగెత్తుకొచ్చే రకం.

"నల్లద్దాలు పెట్టుకునొచ్చేడు బావా," అన్నాడు సత్తిరాజు. "తెల్ల బూట్లు కూడాను. మనం ములిగిపోతంటే సూడ్డానికి పెళ్ళికొడుకునాగ తయారై వచ్చేడు."

"రానీ. గోడేమైనా మన బాబుదేటి," అన్నాడు ఎర్రయ్య.

ఈ మ్యాచి ఓడితే టీము జిల్లా ఫుట్‌బాల్ లీగులో కింది డివిజనుకు పడిపోతుంది. పడితే పడింది, మళ్ళీ ఎక్కుదాంలే అనుకోడానికి లేదు. ఇన్నేళ్ళూ బంతులూ బనీన్లూ కొనిచ్చిన వ్యాపారుల సంఘం ముందే తెగేసి చెప్పింది: కింది డివిజను టీముకు గ్రౌండు దండగ, చదును చేయించి లారీలు పెట్టుకుంటామని. గెలవనక్కర్లేదు, డ్రా అయినా గండం గట్టెక్కినట్టే. అవతల ఆడుతున్నది పరవాడ నుంచి కంపెనీ బస్సులో దిగిన టీము. వాళ్ళకు పోయేదేమీ లేదు గనక హాయిగా నవ్వుకుంటూ ఆడుతున్నారు.

ఎర్రయ్యకు పోయేది మాత్రం గ్రౌండొక్కటే కాదు. మార్కెట్ టీము గోల్‌కీపరు నానాజీ ఆయన కొడుకు. పొద్దున్న తండ్రీకొడుకులు ఒకే లారీ దించుతారు. అక్కడ నానాజీని పేరు పెట్టి పిలిచే నాథుడు లేడు, "ఒరే, ఇటు రా" అంటే రావాల్సిందే. అదే మధ్యాహ్నం గోలు కర్రల మధ్య నిలబడితే మార్కెట్ అంతా "నానాజీ, నానాజీ" అని గొంతు చించుకుంటుంది. ఎర్రయ్య బతుకులో అంతకు మించిన ముచ్చట లేదు. ఈ గ్రౌండు పోతే వాడు కూడా తనలాగే ఒట్టి వీపుగా మిగిలిపోతాడు. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా ఆయనకు అన్నం సహించడం లేదు.

ఇక సన్యాసిరావు సంగతి. ఆయన రైల్వే టీములో ఆడి రిటైరైన మనిషి. కిందటేడు వరకూ మార్కెట్ టీముకు ఆయనే కోచి. నోరు తెరిస్తే తన పేరు తానే చెప్పుకుంటాడు. "సన్యాసిరావుకు తెలీదన్న మాట లేదురా" అన్నది ఆయనకు ఊతపదం. ఆటగాళ్ళను ఆయన తిట్టని తిట్టు లేదు. పెనాల్టీ వస్తే గోలు వెనక్కి వెళ్ళి, "కుడేపు" అనో "ఎడమేపు" అనో నానాజీకి ఒక్క మాట విసిరేవాడు. వాడు కళ్ళు మూసుకుని అటే దూకేవాడు. బంతి చేతుల్లో పడేది. మొత్తానికి దిమ్మలు మోసుకునే కుర్రాళ్ళ చేత జిల్లా కప్పు కొట్టించాడు మహానుభావుడు.

కొట్టించి ఊరుకుంటే ఎంత బాగుండును. మార్కెట్లో సన్మానం చేసి మైకిస్తే, దండ మెడలో ఉండగానే, "ఈ కప్పు నాది. నేను లేకపోతే ఈళ్ళు దిమ్మలు మొయ్యడానికి తప్ప ఎందుకూ పనికిరారు," అనేశాడు. పెళ్ళాం పిల్లలు కూర్చుని వింటున్నారు. కళాసీల ముఖాలు చచ్చిపోయాయి. మర్నాడే అందరూ నూకాలమ్మ గుడి దగ్గర చేరి, కర్పూరం వెలిగించి, అరచేత్తో ఆర్పి, ఇక ఆయనతో మాట్లాడేది లేదని ప్రమాణం చేశారు. మొదట ఆర్పిన చెయ్యి ఎర్రయ్యది. నా కొడుకు మీద ఒట్టు అని కూడా అన్నాడు, అప్పటి ఉక్రోషం అలాంటిది. పలకరించే దిక్కు లేని చోట కోచి ఏం చేస్తాడు, సన్యాసిరావు విజిలు జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆయన పోయాక కళాసీల ఇళ్ళల్లో రెండు రకాల మాటలు మొదలయ్యాయి. ఓడిన రోజున ఆయన్ని తలుచుకుని నిట్టూర్చేవారు. మర్నాడు మైకు మాట గుర్తొచ్చి పళ్ళు నూరేవారు. ఒకే మనిషి పొద్దున తిట్టి సాయంత్రం, "ఆయనుంటేనా" అనేవాడు. ఎర్రయ్యే అలా ఎన్నోసార్లు అన్నాడు. కొత్త కోచి సర్టిఫికెట్లున్న కుర్రాడు, మెత్తని మనిషి. గోలు తిన్నా, "పర్లేదు తమ్ముడూ" అనేవాడు.

హాఫ్ టైముకు రెండో గోలు కూడా పడింది. పర్లేదు తమ్ముడూ అన్నాడు కొత్త కోచి. నానాజీ నీళ్ళు తాగకుండా గోలు కర్రకు ఆనుకుని నిలబడిపోయాడు. వాడి చూపు గోడ మీదే ఉంది. కొడుకు చూపు వెంటే తండ్రి చూపు కూడా వెళ్ళింది. ఎంత మెడ బిగబట్టినా ఎంతసేపని ఆగుతుంది.

"మాటాడకూడదు బావా," అన్నాడు సత్తిరాజు, మనసు చదివినట్టు. "కర్పూరం ఆర్పేం. నీ కొడుకు మీద ఒట్టది."

"మనిసితో మాటాడకూడదనే కదా ఒట్టేసేం," అన్నాడు ఎర్రయ్య. "స్తంభంతో మాటాడకూడదన్నామేటి?"

సత్తిరాజు నోరు వెళ్ళబెట్టాడు. అర్థం కాక కాదు. ఒకరితో ఒకరు మాటలు మానేసుకున్న ఇళ్ళల్లో పుట్టి పెరిగినవాడే. ఎర్రయ్య తల్లి అప్పలకొండమ్మ, తోటికోడలితో మాటలు మానేసిన పుష్కర కాలమూ ఆ ఇంట్లో పనులేమీ ఆగలేదు. "ఒసే రోలా, పప్పు మాడిపోతంది, దించమను" అని ఈవిడ అంటే, "ఒసే పొయ్యా, నాకు కళ్ళున్నాయని సెప్పు" అని ఆవిడ అనేది. రోలూ పొయ్యీ మధ్యవర్తులు. ఒట్టు ఒట్టుగానే ఉండేది, పప్పు మాడేది కాదు.

సన్యాసిరావు కూర్చున్న చోటికి పక్కనే కరెంటు స్తంభం ఉంది. ఎర్రయ్య వెళ్ళి దాని ఎదురుగా నిలబడి చేతులు కట్టుకున్నాడు. చుట్టూ కళాసీలు మూగారు. ఒకడు సన్యాసిరావుకు వినబడేట్టు ఉమ్మేశాడు. ఇంకొకడు వాడి నెత్తిన మొట్టికాయ వేశాడు.

"అమ్మా స్తంభమా," అన్నాడు ఎర్రయ్య. "మా బతుకు సూత్తన్నావు కదా. గ్రౌండు పోతంది. దారేదైనా ఉంటే సెప్పు తల్లీ."

సన్యాసిరావు కాలు మీద కాలు వేసుకుని ఆకాశం చూశాడు. తర్వాత గొంతు సవరించుకుని, ఆయనా స్తంభానికే చెప్పడం మొదలుపెట్టాడు.

"ఒసే స్తంభమా, నీకున్న బుర్ర ఈళ్ళకి లేదు. ఆ ఎడమేపు ఆడేవోడు పొద్దున లారీ దించొచ్చేడు, కాళ్ళీడుత్తన్నాడు. గుడ్డోడికైనా కనబడతాది. ఆణ్ణి తీసేసి పొట్టోణ్ణి దింపమను. బంతి పైకి లేపొద్దను, పరవాడోళ్ళు తాడిసెట్లనాగ ఉన్నారు. నేల మీద ఆడి సావమను. ఈ సన్యాసిరావు ఉన్నప్పుడు ఇయన్నీ సెప్పించుకునేవోరేటే?"

చివరి మాటకు సత్తిరాజు పిడికిలి బిగించాడు. బిగించిన పిడికిలితోనే కొత్త కోచి దగ్గరికి పరిగెత్తాడు. ఆ కుర్రాడు దేవుడే చెప్పినట్టు తలూపి పొట్టివాణ్ణి దింపాడు.

బంతి నేల మీద నడిచింది. ఒక గోలు వచ్చింది. కళాసీలు ఒకరి మీద ఒకరు పడి ఏడ్చారు. స్తంభం అడక్కుండానే ఇంకో రెండు తిట్లు విసిరింది, వాటినీ కోచి చెవిన వేశారు. ఆట ముగియవస్తుండగా రెండో గోలూ వచ్చింది. స్కోరు సమానం. ఉమ్మినవాడే ఎక్కడినుంచో సోడా తెచ్చి, మాట్లాడకుండా గోడ మీద పెట్టి వెళ్ళాడు. సన్యాసిరావు అది తాగి, సీసా స్తంభం మొదట్లో పెట్టాడు.

ఇక రిఫరీ విజిలు ఊదడమే తరువాయి అనుకుంటుండగా, మార్కెట్ డిఫెన్సులో ఒకడు కంగారుపడి అవతలి ఫార్వర్డును గోలు ముందు పడేశాడు. విజిలు మోగింది. పెనాల్టీ.

బంతి దగ్గరికి వచ్చి నిలబడ్డవాణ్ణి చూసి ఎర్రయ్యకు ప్రాణం లేచొచ్చింది. ఆ కుర్రాడు తారక్. రెండేళ్ళ కిందటి వరకూ మార్కెట్ టీములోనే ఆడి, పరవాడలో ఉద్యోగం దొరికి వెళ్ళినవాడు. ఆటలో ఓనమాలు దిద్దించింది సన్యాసిరావే. వాడు ఎటు కొడతాడో ఆయనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది. గోలు కర్రల మధ్య నుంచి నానాజీ తండ్రి వంక చూస్తున్నాడు, సైగ చెయ్యమన్నట్టు.

ఎర్రయ్య స్తంభాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. "తల్లీ, ఎటేపు? ఒక్క మాట."

స్తంభం పలకలేదు. సన్యాసిరావు ముఖం తిప్పుకున్నాడు.

పగ తీర్చుకుంటున్నాడు అనుకున్నాడు ఎర్రయ్య. ఎదురుగా నిలబడి, ముఖం చూసి, పేరు పెట్టి అడిగేదాకా చెప్పడు. ఒట్టు గట్టు మీద పెట్టించందే నోరు విప్పడు. కోపంతో పాటే భయమూ పట్టుకుంది. కొడుకు మీద వేసిన ఒట్టది, ఆర్పిన కర్పూరం ఇంకా అరచేతిలో చురుక్కుమన్నట్టే ఉంది. అక్కడ బంతి వెనక తారక్ నాలుగడుగులు వెనక్కి వేస్తున్నాడు. ఎర్రయ్య స్తంభాన్ని వదిలేశాడు.

"బావా, వద్దు," అన్నాడు సత్తిరాజు.

"సన్యాసిరావు గారూ," అన్నాడు ఎర్రయ్య, ఆయన మోకాళ్ళు పట్టుకుని. "నా కొడుకు మీదున్న ఒట్టు తీసి అడుగుతన్నాను. ఆడు ఎటేపు కొడతాడు బాబూ?"

సన్యాసిరావు నల్లద్దాలు తీశాడు. ఆ కళ్ళు ఇంత ముసలివని ఎర్రయ్యకు అంతవరకూ తెలీదు.

"తెలీదురా ఎర్రయ్యా," అన్నాడు. "ఎప్పుడూ తెలీదు. ఏదో ఒకేపు గట్టిగా అనీసీవోణ్ణి. గట్టిగా అంటే మీ వోడికి దైర్యం వచ్చేది, ఆ దైర్యంతో దూకీవోడు. ఇయాల కూడా అనీద్దునే. నువ్వు ఒట్టు తీసి అడిగేవు. అబద్దం నోట్లోంచి రాలేదు."

ఏదో ఒకటి చెప్పి చావొచ్చు కదా అని అరవాలనిపించింది ఎర్రయ్యకు. అన్నాళ్ళూ ఊరి మీద పడి గొప్పలు చెప్పిన నోరు, సరిగ్గా ఇప్పుడేనా నిజం చెప్పడం. గోలు కర్రల వైపు తిరిగాడు. నానాజీ ఇంకా తన వంకే చూస్తున్నాడు. చెయ్యి ఎత్తాలి, ఎటో ఒకవైపు ఎత్తాలి. తప్పు వైపు ఎత్తితే? చెయ్యి లేవలేదు. విజిలు మోగింది. నానాజీ ఆఖరి క్షణంలో కుడివైపు పడ్డాడు. బంతి ఎడమవైపు నుంచి లోపలికి పోయింది.

తర్వాత ఆటేమీ మిగల్లేదు. పరవాడ కుర్రాళ్ళు చేతులు కలిపి బస్సెక్కారు. కళాసీలు ఎక్కడివాళ్ళక్కడ కూలబడ్డారు. ఎర్రయ్య కాళ్ళీడ్చుకుంటూ గోలు దగ్గరికి వెళ్ళాడు. వెనకాలే సన్యాసిరావు వచ్చాడు. ఒట్టు ఉన్నవాళ్ళెవరూ ఆయన్ని ఆపలేదు, పలకరించనూ లేదు.

నానాజీ మట్టిలో కూర్చుని ఉన్నాడు. తల ఎత్తి తండ్రిని అడిగాడు.

"ఆయన్ని అడిగేవు కదా. నేను సూసేను. ఎటేపన్నారు?"

వెనక నిలబడ్డ మనిషి ఊపిరి ఎర్రయ్యకు వినబడుతోంది. ఆ మైకు మాట గుర్తొచ్చింది, ఆ కప్పు గుర్తొచ్చింది. ఆయన ఒక్క మాట అంటే కళ్ళు మూసుకుని దూకిన కొడుకు గుర్తొచ్చాడు. గ్రౌండు ఎలాగూ పోయింది. వాడికి మిగిలింది ఆ ధైర్యమొక్కటే, అది కూడా ఉత్తదేనని తన నోటితో ఎలా చెబుతాడు.

"ఎడమేపే అన్నార్రా," అన్నాడు ఎర్రయ్య. "నాకే సెయ్యి లేవలేదు."

"అనుకున్నాను," అన్నాడు నానాజీ. "ఆయనకి తెలీకుండా ఉంటాదేటి." భుజం మీద పడ్డ తండ్రి చేతిని తీసేసి, అటు తిరిగి కూర్చున్నాడు.

సన్యాసిరావు నల్లద్దాలు చేతిలో పట్టుకుని గేటు వైపు నడిచి వెళ్ళిపోయాడు.

చీకటి పడుతోంది. ఎర్రయ్య రెండుసార్లు పిలిచాడు, కొడుకు పలకలేదు. ఇంకెలా పిలవాలో తోచలేదు. మెల్లగా వెళ్ళి, వాడు ఆనుకున్న గోలు కర్ర మీద చెయ్యి వేశాడు.

"ఒసే కర్రా," అన్నాడు. "ఇంటికి రమ్మని సెప్పవే. ఆళ్ళమ్మ అన్నం ఒండి కూకుంటాది."