మందు ఆరకముందే

ప్రేమికుల రోజు దగ్గరపడుతోందంటే కయాంబే ఊరి గులాబీ తోటల్లో ఆడవాళ్ళకు నడుం వాల్చే తీరిక ఉండదు. ఆ ఏడే సోయిలాను పూలు కోసేవాళ్ళ మీద మేస్త్రీగా పెట్టారు.

ఆ ఉదయం ప్లాస్టిక్ కప్పు వేసిన పాలీహౌస్‌లో పురుగుల మందు కొట్టినవాళ్ళు అప్పుడే బయటికొచ్చారు. గుమ్మం దగ్గరే కళ్ళు మండుతున్నాయి.

"ఆరేదాకా కూర్చుంటే మొగ్గలు విచ్చుకుపోతాయి. పంపించు. నీ చేత కాకపోతే చెప్పు, మేస్త్రీ పనికి మనుషులేం కరువు కాదు," అన్నాడు తోట పనులు చూసే కంపెనీ ఇంజనీరు.

పూలు కోసే తార్హేలియా పక్కకొచ్చి నిలబడింది. సోయిలా కొడుకు జ్ఞానస్నానానికి జ్ఞానతల్లిగా నిలబడిన మనిషి.

"వదినా, నాకు మూడో నెల. ఈ పూటకి ప్యాకింగ్‌లో వెయ్యవూ?"

"ఎందుకని ఆ ఇంజనీరు అడుగుతాడే. కడుపుతో ఉన్నావని తెలిస్తే సాయంత్రానికి గేటు బయట ఉంటావు. ముక్కుకి గుడ్డ కట్టుకో, గబగబా కోసేసి వచ్చెయ్."

తార్హేలియా శాలువా ముక్కుకి చుట్టుకుని లోపలికి వెళ్ళింది. మధ్యాహ్నానికి గులాబీ సాళ్ళ మధ్య పడిపోయి కనిపించింది. ఆసుపత్రిలో కడుపు పోయింది.

కంపెనీవాళ్ళు అడిగితే, "పొద్దున ఏమీ తినకుండా వచ్చింది, కళ్ళు తిరిగాయి," అని చెప్పింది సోయిలా. ఇంజనీరు ఆమె భుజం తట్టాడు. ఇంటికెళ్ళాక కూడా ఆ భుజాన్ని రుద్దుకుంటూనే ఉంది.

ఆదివారం ఒక కోడిని పట్టుకుని తార్హేలియాను చూడటానికి వెళ్ళింది.

"నాదే తప్పు వదినా," అంది మంచం మీంచి తార్హేలియా. "రెండు బంగాళాదుంపలైనా నోట్లో వేసుకుని రావాల్సింది. బిడ్డని పస్తు పెట్టి చంపుకున్నాను. మా ఆయనా అదే అంటున్నాడు."

ఊరుకుందామనే అనుకుంది సోయిలా. కానీ తార్హేలియా తన కడుపు మీద తానే గుద్దుకోసాగింది. సోయిలా ఆ చేతులు పట్టుకుంది.

"తిండి కాదే. మందు. అప్పుడే కొట్టారని నాకు తెలుసు. తెలిసే పంపాను. తప్పు నీ మీదికి తోసిందీ నేనే."

తార్హేలియా చేతులు విడిపించుకుంది. "ఆ కోడిని తీసుకుపో," అంది.

సోమవారం గేటు దగ్గర అందరి ముందూ సోయిలా అదే మాట చెప్పింది. ఇంజనీరు ఎంత అరిచినా మందు ఆరేదాకా ఒక్క ఆడమనిషీ లోపల అడుగు పెట్టలేదు. మధ్యాహ్నానికి సోయిలాను పనిలోంచి తీసేశారు.

"గట్టి పని చేశావక్కా," అన్నారు కొందరు. ఆ మెప్పు ఆమెకు ఒంటబట్టలేదు. ఇంటికి తార్హేలియా వాకిలి మీదుగానే పోవాలి. తలుపు తీసే ఉంది. తల వంచుకుని దాటిపోయింది.